కార్బోనిల్, స్టెరాయిడ్ ఎంజైమ్‌ల కిట్: సరుకు మంచిదే, లెక్కలోనే తేడా

మా ప్రయోగశాలలో వరుసగా మూడు లాట్లు వాడి చూసిన కిట్ ఇది. కార్బోనిల్ సమ్మేళనాలను (కార్బన్, ఆక్సిజన్ మధ్య ద్విబంధం ఉన్నవాటిని), స్టెరాయిడ్లను మార్చే ఎంజైమ్‌ల పనితనాన్ని ఒకే పెట్టెతో, ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర, అరగంటలో కొలవవచ్చునని దాని మీద రాసి ఉంటుంది. ఆ మాటలో సగమే నిజం. పెట్టెలోని ఎంజైమ్‌లు నేను ఇంతవరకు కొన్నవాటిలో మేలైనవి. వాటితో పాటు ఇచ్చిన కొలత పద్ధతిని మాత్రం ఉన్నదున్నట్టు అనుసరిస్తే, అది ఒకచోట అసలు విలువను తగ్గించి చూపిస్తుంది, మరొకచోట ఎన్నో రెట్లు పెంచి చూపిస్తుంది. ఈ లోపాల్లో చాలావరకు ఈ తరహా కిట్లన్నిటిలోనూ కనిపించేవే కాబట్టి తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు.

పెట్టెలో మూడు ఎంజైమ్ వయల్స్ ఉంటాయి. మొదటిది మనిషి కార్బోనిల్ రిడక్టేజ్ 1, అందరూ సీబీఆర్1 అనేది. రెండోది ఏకేఆర్1సీ3, ఇదీ మనిషి ఎంజైమే. మూడోది కోమమోనాస్ టెస్టోస్టెరోని అనే బ్యాక్టీరియాకు చెందిన 3ఆల్ఫా-హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్. వీటికి తోడు ఎండబెట్టిన పొడి రూపంలో ఎన్‌ఏడీపీహెచ్, ఎన్‌ఏడీ, పీహెచ్ 7 దగ్గర ఫాస్ఫేట్ బఫర్, ఒక చిన్న సీసాలో క్షార బఫర్ వస్తాయి. ఎంజైమ్‌కు హైడ్రైడ్‌ను ఇచ్చేది ఎన్‌ఏడీపీహెచ్, తీసుకునేది ఎన్‌ఏడీ. ఎన్‌ఏడీపీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది, అది ఖర్చయ్యే కొద్దీ అక్కడ శోషణ తగ్గుతుంది, కొలత అంతా ఆ తగ్గుదల మీదే. సబ్‌స్ట్రేట్‌లుగా, అంటే ఎంజైమ్‌లు మార్చే పదార్థాలుగా, 9,10-ఫెనాంథ్రీన్‌క్వినోన్, ఆండ్రోస్టీన్‌డయోన్, ప్రొజెస్టెరోన్, ఆండ్రోస్టెరోన్, ఎంజైమ్‌ను అడ్డుకునే ఇన్హిబిటర్‌గా ఇండోమెథాసిన్ ఇస్తారు.

కార్బోనిల్, స్టెరాయిడ్ అన్న రెండు మాటలనూ ఒకే పెట్టె మీద చూసి ఇది అమ్మకం కోసం చేసిన ఎత్తుగడ అనుకునేవారు ఉంటారు. ఆ అనుమానం అక్కర్లేదు, ఈ జత సహజమైనదే. కీటోన్ సమూహం స్టెరాయిడ్ వలయం మీద ఉన్నా, మందు అణువు మీద ఉన్నా రసాయనపరంగా అది కార్బోనిలే, ఈ ఎంజైమ్‌లలో చాలావాటికి ఆ రెండింటి మధ్య పెద్ద పట్టింపు లేదు. సీబీఆర్1 క్యాన్సర్ మందైన డౌనోరూబిసిన్‌ను డౌనోరూబిసినాల్‌గా మారుస్తుంది, అదే ఎంజైమ్ ప్రోస్టాగ్లాండిన్ ఈ2ను ఎఫ్2ఆల్ఫాగా మారుస్తుంది. ఏకేఆర్1సీ3 ఆండ్రోస్టీన్‌డయోన్ నుంచి టెస్టోస్టెరోన్‌ను చేస్తుంది. దానికి ఐదో రకం 17బీటా-హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్ అన్న పేరు అందుకే వచ్చింది. ప్రొస్టేట్ క్యాన్సర్ పరిశోధకులు దాని వెంట పడడానికీ అదే కారణం. కాని అది క్వినోన్లను, ప్రోస్టాగ్లాండిన్ డీ2ను కూడా వదలదు. ఈ పెట్టెలో లేని 11బీటా-హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్ 1 సంగతీ ఇంతే. కార్టిసోన్‌ను కార్టిసాల్‌గా మార్చడం దాని అసలు పని, పొగాకులోని ఎన్‌ఎన్‌కే అనే నైట్రోసమీన్‌లో ఉన్న కీటోన్‌ను క్షయకరించడం మరో పని. అది పొరలో ఇమిడి ఉండే ఎంజైమ్ కాబట్టి ఇలాంటి పెట్టెలో నిలకడగా ఉంచడం కష్టం, దాన్ని వదిలేసినందుకు తయారీదారును తప్పుపట్టలేను.

పని ఒకటే అయినా ఈ మూడింటి నిర్మాణం ఒకటి కాదన్న సంగతిని మాన్యువల్ ఒక్క వాక్యంలోనైనా చెప్పి ఉండవలసింది. సీబీఆర్1, కోమమోనాస్ ఎంజైమ్ రెండూ ఎస్‌డీఆర్ (షార్ట్-చైన్ డీహైడ్రోజినేజ్/రిడక్టేజ్) కుటుంబానికి చెందినవి, టైరోసిన్, లైసిన్ జంట వాటి ఉత్ప్రేరక కేంద్రంలో ఉంటుంది. ఏకేఆర్1సీ3ది ఆల్డో-కీటో రిడక్టేజ్ కుటుంబం, దాని ప్రోటీన్ ఒక పీపా ఆకారంలో మడత పడుతుంది. ఎన్‌ఏడీపీహెచ్‌లోని నికోటినమైడ్ వలయానికి ఒక వైపున్న హైడ్రైడ్‌ను మొదటి కుటుంబం తీసుకుంటే, రెండో వైపుదాన్ని ఇది తీసుకుంటుంది. 340 నానోమీటర్ల దగ్గర చూసేవారికి ఈ తేడా కనిపించదు, ఐసోటోప్ పెట్టిన ఎన్‌ఏడీపీహెచ్‌తో పని చేసేవారు మాత్రం ఏ వయల్‌కు ఏ వైపు అన్నది ముందే తెలుసుకోవాలి.

మొదట మంచి సంగతి. వయల్స్ రాగానే మేము చేసే మొదటి పని ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ నడపడం. మూడు లాట్లలోనూ సీబీఆర్1 ముప్పై వేల డాల్టన్ల దగ్గర, ఏకేఆర్1సీ3 ముప్పై ఏడు వేల దగ్గర, బ్యాక్టీరియా ఎంజైమ్ ఇరవై ఎనిమిది వేల పైచిలుకు దగ్గర ఒక్కొక్క గీతగానే కనిపించాయి. వెర్ముత్ 1981లో మనిషి మెదడు నుంచి శుద్ధి చేసి వర్ణించిన కార్బోనిల్ రిడక్టేజ్ కూడా ముప్పై వేల దగ్గరి ఒంటరి గొలుసే కాబట్టి, లేబుల్ మీద ఉన్నది, లోపల ఉన్నది ఒకటేనని నమ్మవచ్చు. పదిసార్లు ఐస్ మీద పెట్టి తీసినా సీబీఆర్1 పనితనం చెప్పుకోదగ్గంత పడిపోలేదు. ఎంజైమ్ వరకు ఎవరికైనా సిఫారసు చేస్తాను.

ఇక చిక్కు మొదలైంది ఎన్‌ఏడీపీహెచ్ దగ్గర. మాన్యువల్ చెప్పినట్టు 200 మైక్రోమోలార్ గాఢతలో కలిపి, తొంభై ఆరు గుంటల ప్లేట్‌లో ఒక్కో గుంటకు రెండు వందల మైక్రోలీటర్లు పోసి రీడర్‌లో పెడితే శోషణ 0.75 దగ్గర ఆగింది. ఎన్‌ఏడీపీహెచ్ మోలార్ శోషణ గుణకం 6220 కాబట్టి 1.24 రావాలి. పొడి పాడైపోయిందని అనుకుని మా విద్యార్థిని కొత్త వయల్ తెరిచింది, మళ్లీ 0.75. మూడో వయల్ కూడా తెరవబోతుంటే ఆపి, అదే ద్రావణాన్ని సెంటీమీటర్ మందపు క్యువెట్‌లో (శోషణ కొలిచే చిన్న పాత్రలో) పోసి చూపించాను, 1.24కు ఒక్క గీత తక్కువ. పొడిలో దోషం లేదు. ఆ గుంటలో ద్రవం లోతు సుమారు 0.6 సెంటీమీటర్లే, మాన్యువల్‌లోని సూత్రం మాత్రం ఒక సెంటీమీటర్ అనుకుని నేరుగా 6.22తో (అదే గుణకం, మిల్లీమోలార్ లెక్కన) భాగించమంటుంది. అలా భాగిస్తే ఎంజైమ్ అసలు వేగంలో అరవై శాతమే లెక్కకు వస్తుంది. అనవసరంగా తెరిచిన ఆ రెండో వయల్ కంటే, ఆ సూత్రంతో ఎవరైనా ఇప్పటికే అచ్చు వేసిన అంకెల గురించే నాకు ఎక్కువ దిగులు. ప్లేట్‌లో నీటి లోతును 977, 900 నానోమీటర్ల శోషణల తేడాతో కట్టవచ్చు, సెంటీమీటర్‌కు ఆ తేడా దాదాపు 0.18. ఈ సౌకర్యం ఉన్న రీడర్లు చాలా ఉన్నాయి, అయినా మాన్యువల్ దాని ఊసెత్తదు.

బఫర్ ఎంపిక కూడా నాకు నచ్చలేదు. ఎన్‌ఏడీపీహెచ్ ఆమ్లంలో విడిపోతుందని అందరికీ తెలుసు, ఫాస్ఫేట్ గాఢత పెరిగే కొద్దీ, వేడి పెరిగే కొద్దీ అది ఇంకా త్వరగా విడిపోతుందన్నది అంతగా గుర్తుండదు. పొద్దున కలిపి బల్ల మీద వదిలేసిన ద్రావణంతో సాయంత్రం చేసిన ప్రయోగాల్లో, ఎంజైమ్ వేయని బ్లాంక్ గుంటల్లో కూడా శోషణ జారుతూ కనిపించింది. ట్రిస్ బఫర్‌లో, ఐస్ మీద, రేకు చుట్టి ఉంచిన ద్రావణం ఇంతలా బాధపెట్టలేదు. ఎక్కువ వేగంతో నడిచే చర్యలో ఈ జారుడు లెక్కలోకి రాదు గాని, స్టెరాయిడ్ దగ్గరికి వచ్చేసరికి అదే ప్రధాన శత్రువవుతుంది, ఆ సంగతి కింద రాస్తాను.

ఈ కిట్ మీద నాకున్న అసలు అభ్యంతరం నారింజ రంగు పొడి ఉన్న చిన్న వయల్ గురించి, అంటే ఫెనాంథ్రీన్‌క్వినోన్ గురించి. డీజిల్ పొగ రేణువుల్లో దొరికే ఈ క్వినోన్‌ను సీబీఆర్1, ఏకేఆర్1సీ3 రెండూ చాలా వేగంగా క్షయకరిస్తాయి కాబట్టి దీన్ని వేస్తే శోషణ రేఖ చక్కగా, వంపు లేకుండా కిందికి దిగుతుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, తయారీదారులు దాన్ని ఎంచుకోవడం అందుకేనేమో. అయితే ఎంజైమ్ చేసిన హైడ్రోక్వినోన్ అక్కడే ఉండిపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ క్వినోన్‌గా మారిపోతుంది, మారుతూ సూపర్ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని పుట్టిస్తుంది, తిరిగి వచ్చిన క్వినోన్‌ను ఎంజైమ్ మళ్లీ పట్టుకుంటుంది. ఒకే క్వినోన్ అణువు ఇలా తిరుగుతూ ఎన్నో ఎన్‌ఏడీపీహెచ్ అణువులను తినేస్తుంది.

దీన్ని పట్టుకోవడం చాలా సులభం. క్యువెట్‌లో 10 మైక్రోమోలార్ క్వినోన్ వేశామనుకోండి. ఒక్కొక్క అణువుకు ఒక్కొక్క ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చయితే శోషణ మొత్తం మీద 0.062 తగ్గి ఆగిపోవాలి. మా క్యువెట్‌లో అది ఆగలేదు, 0.062 దాటి, దానికి ఎన్నో రెట్లు దిగి, చివరికి ఎన్‌ఏడీపీహెచ్ దాదాపు అయిపోయాకనే చదునుగా మారింది. నత్రజనిని బుడగలుగా పంపి ఆక్సిజన్ తీసేసిన క్యువెట్‌లో అదే ప్రయోగం తొందరగా నిలిచిపోయింది. కాబట్టి కిట్ ఇచ్చే అంకెలో ఎంజైమ్ వాటా ఎంత, ఆక్సిజన్ వాటా ఎంత అన్నది విడదీయకుండా దాన్ని నిర్దిష్ట చర్యాశీలతగా, అంటే ఇంత ఎంజైమ్‌కు ఇంత వేగం అని, రాయడం సరికాదు. రెండు ఇన్హిబిటర్ల మధ్య పోలిక పెట్టేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పరీక్షించే పదార్థం సూపర్ఆక్సైడ్‌ను మింగే యాంటీఆక్సిడెంట్ అయినా సరే, ఎంజైమ్‌ను అడ్డుకున్నట్టే కనిపించే వీలుంది. మేము సీబీఆర్1కు క్వినోన్ మానేసి 4-బెంజాయిల్‌పిరిడిన్ వాడాము. వేగం తగ్గింది, నమ్మకం పెరిగింది. కిట్‌లో ఒక సాధారణ కీటోన్‌ను కూడా పెట్టి ఉంటే ఈ సమీక్షలో సగం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

స్టెరాయిడ్ భాగానికి వస్తే ఇబ్బంది దీనికి తలకిందులు. అక్కడ వేగం అతిగా కనిపించింది, ఇక్కడ అసలు కనిపించదు. ఏకేఆర్1సీ3 ఆండ్రోస్టీన్‌డయోన్‌ను మార్చే వేగం ఒక్కో ఎంజైమ్ అణువుకు నిమిషానికి ఒక అణువు స్థాయిలోనే ఉంటుంది. మాన్యువల్ వేయమన్న ఎంజైమ్ గాఢత 0.1 మైక్రోమోలార్. అరగంట నడిపితే తయారయ్యే టెస్టోస్టెరోన్ 3 మైక్రోమోలార్, దానికి సరిపడా ప్లేట్‌లో శోషణ తగ్గేది 0.011. ఇంతకుముందు చెప్పిన బ్లాంక్ జారుడే దీన్ని మింగేస్తుంది. మా మొదటి లాట్‌లో ఆండ్రోస్టీన్‌డయోన్ వేసిన గుంటకు, వేయని గుంటకు తేడా తెలియలేదు, ఎంజైమ్ చచ్చిపోయిందని కూడా ఒక రోజు అనుకున్నాము. చర్యా మిశ్రమాన్ని ఇథైల్ ఎసిటేట్‌తో తీసి, పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరికరంలో 240 నానోమీటర్ల దగ్గర చూస్తే టెస్టోస్టెరోన్ శిఖరం స్పష్టంగా ఉంది. ఆండ్రోస్టీన్‌డయోన్, టెస్టోస్టెరోన్ రెండింటిలోనూ మొదటి వలయంలో కీటోన్, దాని పక్కన ద్విబంధం ఉంటాయి కాబట్టి రెండూ ఆ తరంగదైర్ఘ్యం దగ్గర బాగానే కనిపిస్తాయి. ఎంజైమ్ పని చేస్తూనే ఉంది, పెట్టె చెప్పిన కిటికీ నుంచి చూస్తే కనిపించలేదంతే. హెచ్‌పీఎల్‌సీ లేనివారు కనీసం ఎన్‌ఏడీపీహెచ్ ఫ్లోరెసెన్స్‌నైనా చూడాలి, 340 దగ్గర ఉత్తేజపరిచి 460 దగ్గర కొలిస్తే చిన్న మార్పులు తేలికగా దొరుకుతాయి.

ప్రొజెస్టెరోన్ విషయంలో పొరపాటు మరీ మొరటుగా ఉంది. నీటిలో దాని కరుగుదల లీటర్‌కు పది మిల్లీగ్రాములకు లోపే, అంటే ముప్పై మైక్రోమోలార్‌కు కాస్త అటూ ఇటూ. మాన్యువల్ 100 మైక్రోమోలార్ వేయమంటుంది. పిపెట్ మొన నుంచి బఫర్‌లోకి దిగిన చోటే సన్నని తెల్లటి మబ్బు లేచింది, ప్లేట్‌ను వెలుగుకు పట్టుకుంటే గుంటలన్నీ పలచని పాలలా కనిపించాయి. ఆ మబ్బు కాంతిని చెదరగొట్టి 340 దగ్గర శోషణను పెంచుతుంది, మెల్లగా కిందికి పేరుకునే కొద్దీ శోషణ తగ్గుతుంది, ఆ తగ్గుదల అచ్చం ఎంజైమ్ చర్యలాగే కనిపిస్తుంది. ఎంజైమ్ వేయని గుంటలో కూడా అదే వాలు రావడంతో సంగతి బయటపడింది. స్టెరాయిడ్లు ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటాయన్నది దీనికి అదనం. పలచని ద్రావణాలను గాజులో ఉంచడం మేలు.

ఇండోమెథాసిన్ గురించి ఒక చిన్న మాట. ఏకేఆర్1సీ1, ఏకేఆర్1సీ2 లాంటి దగ్గరి బంధువులను అంతగా తాకకుండా ఏకేఆర్1సీ3నే అడ్డుకునే గుణం దానికి ఉంది. ఆ కుటుంబంలో మొదటి రెండింటికీ మధ్య ఉన్న తేడా 323 అమైనో ఆమ్లాల్లో ఏడు మాత్రమే అన్నది గుర్తు చేసుకుంటే, ఇంత ఎంపిక చూపే ఇన్హిబిటర్‌ను కంట్రోల్‌గా ఇవ్వడం తయారీదారు తెలివిని చూపిస్తుంది. కాని దాని సొంత శోషణ శిఖరం 320 నానోమీటర్ల దగ్గరే ఉంది, ఎక్కువ మోతాదులో 340 దగ్గర నేపథ్యాన్ని అది పైకి నెడుతుంది. మోతాదు వరుసలోని ప్రతి గాఢతకు విడి బ్లాంక్ పెట్టకపోతే వక్రరేఖ పై భాగం వంకర పోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చినది మూడో వయల్. టెస్టోస్టెరోన్ ఒక్కటే కార్బన్ ఆధారంగా పెరగగల బ్యాక్టీరియా నుంచి వచ్చిన ఎంజైమ్ ఇది. అప్పట్లో సూడోమోనాస్ టెస్టోస్టెరోని అని పిలిచిన దాన్నుంచి హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్‌లను పాల్ టలలే 1950లలోనే వేరు చేశారు. రక్తంలో పైత్యరస ఆమ్లాల మొత్తాన్ని కొలిచే పరీక్షల్లో ఈ 3ఆల్ఫా ఎంజైమే చాలాకాలంగా పని చేస్తోంది. 1990లలో ఎడ్మండ్ మాసర్, ఉడో ఓపర్‌మన్ దీన్ని మళ్లీ పరిశీలించి, ఇది స్టెరాయిడ్లతో ఆగకుండా మెటిరపోన్ లాంటి స్టెరాయిడ్ కాని కీటోన్లను కూడా క్షయకరిస్తుందని చూపించారు. 2000లో దాని స్ఫటిక నిర్మాణం వచ్చింది. కార్బోనిల్, స్టెరాయిడ్ అన్న రెండు మాటలకూ ఈ పెట్టెలో న్యాయం చేసే వయల్ ఇదేననిపిస్తుంది.

దీని కొలత కూడా శుభ్రంగా ఉంటుంది. ఆండ్రోస్టెరోన్, ఎన్‌ఏడీ వేసి క్షార బఫర్‌లో నడిపితే 340 దగ్గర శోషణ సున్నా నుంచి పైకి లేస్తుంది, పెద్ద విలువలోంచి చిన్న తరుగును వెతుక్కునే బాధ ఉండదు. ఆక్సీకరణంలో ప్రోటాన్ విడుదలవుతుంది కాబట్టి పీహెచ్ ఎక్కువగా ఉంటే చర్య కావలసిన వైపు మొగ్గుతుంది. ఆ చిన్న సీసాను విడిగా పెట్టినవారు ఈ సంగతి తెలిసినవారే. రెండు నిమిషాల్లో వంపు లేని గీత వచ్చింది, మూడు లాట్లలోనూ ఒకే తీరులో వచ్చింది.

ఈ వయల్ మీదున్న లేబుల్ మాత్రం మార్చాలి. స్టెరాయిడ్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ అని దాని మీద రాశారు, మాన్యువల్ బొమ్మలో ఒక బాణం గీసి దాని చివర కార్బన్ డయాక్సైడ్ అని వేశారు. ఈ ఎంజైమ్ చేసేది మూడో కార్బన్ మీదున్న హైడ్రాక్సిల్‌ను కీటోన్‌గా మార్చడం, లేదా దాని తిరుగు చర్య. స్టెరాయిడ్ నాలుగు వలయాలూ దీని చేతిలో చెక్కుచెదరవు. అసలు విచ్ఛిన్నం ఆ తర్వాత జరుగుతుంది. మొదటి వలయంలో ఒకటో, రెండో కార్బన్ల మధ్య మరో ద్విబంధం పెట్టే డీహైడ్రోజినేజ్ ఒకటి, తొమ్మిదో కార్బన్ మీద హైడ్రాక్సిల్ పెట్టే ఎంజైమ్ ఒకటి పని చేసినప్పుడు రెండో వలయం దానంతట అదే తెరుచుకుంటుంది, మొదటి వలయం ఆరోమాటిక్‌గా మారుతుంది, దాన్ని ఆక్సిజనేజ్‌లు కోస్తాయి. నీటిలో చేరిన హార్మోన్ అవశేషాలను తొలగించాలన్న ఉద్దేశంతో ఎవరైనా ఈ వయల్ కొంటే ఆండ్రోస్టెరోన్ పోయి ఆండ్రోస్టేన్‌డయోన్ (పైన చెప్పిన ఆండ్రోస్టీన్‌డయోన్ కాదు, వలయంలో ద్విబంధం లేనిది) వస్తుంది తప్ప నీరు శుభ్రపడదు. పరిశోధన ప్రతిపాదనలు రాసేవారు లేబుల్ మీది మాటను అలాగే ఎత్తి రాయడం నేను ఇప్పటికే ఒకచోట చూశాను.

తయారీదారుకు ఇవన్నీ వివరంగా రాశాను. జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది, మర్యాదగానే వచ్చింది. ప్లేట్‌లో ద్రవం లోతు గురించిన సవరణ మూడో లాట్ మాన్యువల్‌లో కనిపించింది, ప్రొజెస్టెరోన్ గాఢతను 20 మైక్రోమోలార్‌కు దించారు. క్వినోన్‌ను మార్చడానికి ఒప్పుకోలేదు. పాత వినియోగదారులు పాత ఫలితాలతో పోల్చుకోవాలంటున్నారని కారణం చెప్పారు. లేబుల్ మాట ఎత్తలేదు. నాలుగోసారి మొత్తం పెట్టెకు బదులు మొదటి, మూడో వయల్స్‌ను, క్షార బఫర్‌ను మాత్రమే విడిగా ఇవ్వగలరా అని అడిగాను, ఇస్తామన్నారు. ఎన్‌ఏడీపీహెచ్, ట్రిస్, బెంజాయిల్‌పిరిడిన్ మా అలమరలో ఎలాగూ ఉన్నాయి.